వేటగాళ్ళు వెళ్ళిపోయాక

పోయిన వారం మనం రమీజాను పొదుగు గది గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. ఈ ఏడాది గుడ్లు పొదిగే మిషన్లు వెయ్యొద్దని మేనేజర్ ఇక్రాముద్దీన్ చెప్పి వెళ్ళాడు. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలాడు తప్ప జవాబు ఇవ్వలేదు. ఆమె స్విచ్చి దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని, ఆ చల్లటి గదిలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఈ కథలోకి ఈ వారమే అడుగుపెడుతున్న వారికి ఒకటి రెండు సంగతులు చెప్పాలి. దోహా నుంచి దుఖాన్ పోయే దారిలో, రోడ్డు వదిలి ఎడారిలోకి తిరిగితే ఒక మజ్రా వస్తుంది. మజ్రా అంటే పొలం. ఈ పొలంలో పండేది పంట కాదు, పిట్టలు. హుబారా అనే ఎడారి పక్షి అది. మన బట్టమేక పిట్టకు చుట్టం, కాకపోతే దానికన్నా చాలా చిన్నది. డేగను చేతి మీద పెట్టుకుని వేటకు పోయే అరబ్బులకు హుబారా అంటే ప్రాణం. వేటాడి వేటాడి ఎడారిలో అది కంటికి కనబడకుండా పోతుంటే, ఆ వేటగాళ్ళే తలా కొంత చందా వేసుకుని ఈ పొలం పెట్టారు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో సగం ఎడారికి, సగం తమ వేటకు. ఎడారిలో వదిలిన వాటికి కాపలా, నీళ్ళ తొట్లు, వలలు పన్నే దొంగలను తరిమే బండ్లు, అన్నీ ఆ చందాలతోనే నడిచేవి.

ఆ వేటగాళ్ళందరికీ పెద్ద బూ జాసిం. జాసిం వాళ్ళ నాన్న అని ఆ పిలుపుకు అర్థం. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. రమీజాది నందికొట్కూరు పక్క పల్లె. మొదట ఆయన ఇంట్లో వంటపనికి వచ్చింది. ఒకసారి చలికి ముడుచుకుపోయిన హుబారా పిల్లను పెద్దాయన ఇంటికి తెస్తే, ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని బతికించింది. ఆ తర్వాత నీ చోటు వంటింట్లో కాదని ఆయనే ఆమెను పొలానికి మార్చాడు. ఆమెకు ఆయన బాబా. ఇన్నేళ్ళలో అరబ్బీ ఆమె నోట నీళ్ళలా పారుతుంది.

ఆ గురువారం మధ్యాహ్నం రమీజా పెద్ద పంజరాల దగ్గర ఉండగా జలంధర్ గడ్డి మోపుతో వచ్చాడు. నిర్మల్ వైపు మనిషి, పొలంలో పంజరాల పని అతనిది. లోపల మగ హుబారాలు జోరు మీదున్నాయి. మెడ చుట్టూ తెల్లటి ఈకలు గొడుగులా విచ్చుకుని తలంతా మూసేస్తే, దారి కనబడకపోయినా ఆడపిట్ట చుట్టూ గిరగిరా పరుగెత్తుతున్నాయి. గుడ్ల కాలం వచ్చేసింది. పొదుగు గది మాత్రం చల్లగా ఉంది.

సభ్యులు ఇవాళ మజ్లిస్‌లో కూర్చుంటున్నారని జలంధర్ చెప్పాడు. పొలం మూసేస్తారన్న మాట పనివాళ్ళ క్యాంపులో అప్పుడే పాకిపోయింది. అతనికి ఆ వేటగాళ్ళంటే మొదటి నుంచీ పడదు. జలంధర్ తాతలు అడవిలో వలలు వేసి పిట్టలు పట్టి బతికినవాళ్ళు. సర్కారు అడవిని పులులకు ఇచ్చేశాక వల పట్టినవాడల్లా దొంగ అయ్యాడు. తాత ఒకే ఒక కుందేలు కోసం జైలుకు పోయి వచ్చాడు.

"మా తాత వల పడితె దొంగ. గీళ్ళు డేగ పడితె షేకులు," అన్నాడు గడ్డి దులుపుతూ. "గిప్పుడు గీ షేకులు గూడ వేట ఇడిచిపెట్టిన్రు. మంచిదే గదా అక్కా? పిట్ట బతుకుతది."

చాలా కాలం రమీజా కూడా అలాగే అనుకుంది. వేట ఆగితే పిట్టకు మేలేగా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ రెండు చలికాలాలుగా ఆమె చూస్తున్నది వేరు. చందాలు ఆగగానే మొదట కాపలా బండ్లు ఆగాయి. తర్వాత నీళ్ళ తొట్లు ఎండిపోయాయి. ఇప్పుడు పొదుగు గది వంతు వచ్చింది.

ఇంతలో ఇక్రాముద్దీన్ ఫోన్ చేశాడు. ఎన్ని పిట్టలు ఏ స్థితిలో ఉన్నాయో బాబా నీ నోటితోనే వింటాడట, మజ్లిస్‌కు రా అన్నాడు.

మజ్లిస్ అంటే పొలం మొదట్లో ఉన్న పొడవాటి హాలు. ఒకప్పుడు వేటకాలం వస్తే ఆ హాలు ముందు బండి పెట్టడానికి చోటు దొరికేది కాదు. లోపల గోడ పొడవునా డేగలు తమ పీటల మీద వరసగా కూర్చుని ఉండేవి. ఈసారి రమీజా వెళ్ళేసరికి బయట రెండే బండ్లు ఉన్నాయి. వచ్చిన ముసలి సభ్యులు గహ్వా కాఫీ తాగి, మా వల్ల ఇక కాదు, పిల్లలకు ఇష్టం లేదు అని చెప్పి అప్పుడే వెళ్ళిపోయారు. పీటలు గోడ వెంట ఖాళీగా ఉన్నాయి. బాబా తన మూలలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కొడుకు జాసిం. లుసైల్‌లో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం అతనిది. మేనేజర్ తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రమీజా చెప్పవలసింది చెప్పింది. ఆడపిట్టలు గుడ్లకు వచ్చేశాయని, ఇంకా ఆలస్యం చేస్తే ఈ ఏడాదికి పిల్లలే ఉండవని చెప్పి వెళ్ళబోయింది. బాబా చెయ్యి చూపించి ఉండమన్నాడు. ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

జాసిం మెల్లగానే మాట్లాడాడు. తండ్రి ముందు అతను గొంతు పెంచగా రమీజా ఎప్పుడూ వినలేదు. ఒక వ్యాపారి ఉన్నాడని, పిట్టలన్నిటినీ ఒక్కసారే తీసుకుంటాడని చెప్పాడు. తీసుకుని ఏం చేస్తాడని తండ్రి అడిగాడు. డేగలకు వేట నేర్పేవాళ్ళకు అమ్ముతాడని జాసిం దాచకుండా చెప్పాడు. ఆ మాటకు ఇక్రాముద్దీన్ తల దించుకున్నాడు. వేట నేర్పడం అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. రెక్కలు కట్టేసిన పిట్టను కుర్రడేగ ముందు పడేస్తారు.

"అయితే ఎడారిలో వదిలేస్తాను," అన్నాడు బాబా. "అన్నిటినీ. రేపే."

ఇక్రాముద్దీన్ గొంతు సవరించుకుని, ఉర్దూ కలిసిన అరబ్బీలో తనకు తోచింది చెప్పాడు. కాపలా లేని ఎడారిలో వదిలితే వారం తిరక్కుండా సగం నక్కలకు, సగం వలలకు పోతాయని అతని లెక్క. నీళ్ళు కూడా లేవన్నాడు. బాబా కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగాడు. రమీజా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన ఎవరినీ ఏదీ అడగగా చూడలేదు. అందరూ ఆయన్నే అడిగేవారు. ఇప్పుడు ఆయన అడిగాడు.

"ఒక్క డేగను చేతి మీదికి తీసుకో. నీ స్నేహితుల్ని నలుగురిని తీసుకురా. ఒక్క వేటకాలం చాలు. కుర్రవాళ్ళు వచ్చారంటే మిగతావాళ్ళు మళ్ళీ వస్తారు. పొలం నిలబడుతుంది."

జాసిం తండ్రి దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"యుబా, నేను పిట్టను చంపలేను," అన్నాడు. "చిన్నప్పటి నుంచీ నా వల్ల కాలేదు, నీకూ తెలుసు. నేను చంపడం లేదు కాబట్టి పిట్టలు అంతరించిపోతున్నాయంటే, ఆ తప్పు నా నెత్తిన ఎట్లా పెడతావు?"

జాసిం మాటలో అబద్ధం లేదని రమీజాకు తెలుసు. అతను కుర్రవాడుగా ఉన్నప్పుడు తండ్రి వేట నుంచి వచ్చిన రోజు వంటింటి వైపు కూడా తొంగిచూసేవాడు కాదు. మాంసం వాసన తగలకుండా మేడ మీద గదిలో కూర్చుంటే, ఆమే పెరుగన్నం పైకి తీసుకెళ్ళి ఇచ్చేది.

బాబా గహ్వా తాగిన ఖాళీ ఫింజాన్‌ను వేళ్ళతో తిప్పుతూ మాట్లాడాడు. కొడుకుతోనో తనతోనో చెప్పలేం. ఆయన యువకుడుగా ఉన్నప్పటి మాట అది. ఒక చలికాలం వాళ్ళంతా కలిసి నెలంతా ఎడారిలో తిరిగారు. ఒక్క అడుగుజాడ దొరకలేదు. డేగ ఆయన చేతి మీద కూర్చుని రోజంతా దిక్కులు చూసేది. కళ్ళకు తొడిగిన టోపీ తీస్తే లేచేది, చుట్టూ చూసేది, మళ్ళీ చేతి మీదికే వచ్చి కూర్చునేది. ఆ డేగ ముఖం చూడలేక ఆయన సిగ్గుతో తల తిప్పుకున్నాడట. ఎడారిని ఖాళీ చేసింది మేమే, నింపవలసిందీ మేమే అని ఆ రాత్రి మంట చుట్టూ కూర్చుని అందరూ ఒట్టేసుకున్నారు.

"ఆ ఒట్టు వేసినవాళ్ళలో ఇంకా ఎంతమంది మిగిలారు?" అన్నాడు.

ఉన్నట్టుండి రమీజా వైపు చూశాడు. "నువ్వు చెప్పు. మీ దేశంలో ఇలాంటి పిట్ట ఉందని ఒకసారి చెప్పావు. దానికి ఏమైంది?"

రమీజా కొంగు సర్దుకుంది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదనిపించింది ఆమెకు. అయినా చెప్పింది. వాళ్ళ ఊరికి అంత దూరం కాని రోళ్ళపాడు మైదానాల్లో బట్టమేక పిట్టలు ఉండేవి. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో గొర్రెల వెంట పోయినప్పుడు ఆమె కళ్ళారా చూసింది. మనిషి నడుముదాకా వచ్చే పక్షి, నడుస్తుంటే పెళ్ళికి పోతున్న పెద్దమనిషిలా ఉండేది. దాన్ని ముట్టుకోకూడదని సర్కారు బోర్డులు పెట్టింది. ఆమెకు తెలిసి ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు కూడా. కానీ ఆ పిట్ట తిరిగే గడ్డి నేల మెల్లగా చేలయింది, బోర్లు పడ్డాయి, కరెంటు తీగలు వచ్చాయి. పిట్ట కోసం ఏడ్చినవాళ్ళు లేరు. అది ఉందో లేదో చూడటానికి పనిగట్టుకుని పోయినవాళ్ళూ ఊళ్ళో లేరు. చివరిసారి సెలవుకు పోయినప్పుడు ఆమె అడిగితే, పిల్లలు ఆ పేరే వినలేదన్నారు.

"మా దగ్గర వేటగాడూ లేడు బాబా, పిట్టా లేదు," అని ఆపేసింది.

జాసిం లేచి కిటికీ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చేటప్పటికి అతని ముఖంలో ఏదో నిశ్చయం ఉంది. వేట పోయినా డేగలు పోలేదన్నాడు. కుర్రవాళ్ళంతా ఇప్పుడు పందేల దగ్గరే ఉన్నారు. డ్రోన్‌కు కట్టిన ఉత్తుత్తి పిట్ట వెనక డేగను ఎగరేస్తారు, ఎవరి డేగ ముందు అందుకుంటే వాళ్ళు గెలిచినట్టు. నెత్తుటి చుక్క ఉండదు. వాళ్ళను అడిగితే పొలం భారం ఎత్తుకుంటారు, అడగవలసిన మనిషి ఒక్కడే అన్నాడు.

"చిన్నాన్నను అడుగు."

ఇక్రాముద్దీన్ ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు. ఆ మజ్లిస్‌లో ఆ ప్రస్తావన వచ్చి ఎన్నో ఏళ్ళయింది. బూ జాసిం తమ్ముడు ముబారక్. ఒట్టు వేసినవాళ్ళలో అందరికన్నా ముందు ఒట్టు వదిలి పందేల వైపు పోయినవాడు. డేగను బొమ్మల వెంట పరిగెత్తించేవాడు నా తమ్ముడు కాడని, నా గడప తొక్కొద్దని బాబా అందరి ముందూ అన్నాడు. అతను మళ్ళీ తొక్కలేదు. తల్లి పోయినప్పుడు కూడా ఇద్దరూ చెరో వరసలో నిలబడి నమాజు చేసి, పలకరించుకోకుండా వెళ్ళిపోయారు.

బాబా కర్ర అందుకుని లేచాడు. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. డ్రైవర్ చిన్నప్ప పరుగున వచ్చి బండి తలుపు తీశాడు. బండి పోయాక కూడా లేచిన దుమ్ము చాలాసేపు గుమ్మం ముందు తేలుతూనే ఉంది.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక చిన్నప్ప బండి మళ్ళీ పొలంలోకి వచ్చింది. బాబా ముందు సీట్లో ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి పొడవాటి తోబ్‌లో కూర్చుని ఉన్నాడు. రమీజాను ఎక్కమన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. వెనక సీట్లో కూర్చుంటే చిన్నప్ప అద్దంలోంచి చూసి, "లుసైల్ పక్క పోదాము అన్న్యాడు పెద్దాయన," అని తమ సీమ యాసలో గొణిగాడు. అతనిది రాయచోటి దగ్గర. ఆ ఇంట్లో ఎవరి మనసు ఎప్పుడు ఎట్లుంటుందో బండి నడిపే తీరులోనే తెలిసిపోతుందంటాడు. ఆ రోజు అతను చాలా నిదానంగా నడిపాడు.

దారి పొడవునా బాబా ఒక్కసారే మాట్లాడాడు. తన నాలుక మీద తనకు నమ్మకం లేదని, తమ్ముడి ముఖం చూడగానే ఏమంటాడో తనకే తెలియదని, మాట తప్పు దారి పడితే పిట్టల సంగతి నువ్వు చెప్పాలని రమీజాతో అన్నాడు. ఆమె సరేనంది. కానీ ఆయన ఇంకేదో దాచుకుంటున్నట్టు ఆమెకు అనిపించింది. బండి ఎక్కినప్పటి నుంచి ఆయన కళ్ళు ఎవరి కళ్ళనూ కలవడం లేదు. పొగరు దిగిపోయే బాధేలే అనుకుని ఊరుకుంది.

లుసైల్ మేడలు దాటి ఉత్తరంగా పోతే పందేల సాధన మైదానం ఉంది. కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా ఉన్నారు. చేతి తొడుగుల మీద డేగలు, నెత్తి మీద గుయ్యిమంటూ డ్రోన్లు. బాబా బండి దిగగానే దగ్గరున్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి. వేటగాడుగా ఆ ముసలాయన పేరు వాళ్ళంతా విన్నదే. షామియానా కింద కూర్చున్న ఒక మనిషి లేచి నిలబడ్డాడు. అన్న ముక్కే, అన్న నుదురే, గడ్డం మాత్రం కొంచెం తక్కువ నెరిసింది.

ఇద్దరి మధ్యా కొన్ని అడుగుల ఇసుక ఉంది. ముందు కదిలింది ముబారకే. వచ్చి అన్న ముక్కుకు ముక్కు ఆనించి సలాం చేశాడు. తర్వాత భుజం పట్టుకుని తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. గహ్వా వచ్చింది. బాబా వచ్చిన పని సూటిగానే చెప్పాడు. సభ్యులు పోయారన్నాడు. కొడుకు వేటాడడన్నాడు. పిట్టలు గుడ్లకు వచ్చాయన్నాడు. తన కోసం కాదు, వాటి కోసం అడుగుతున్నానన్నాడు.

ముబారక్ అంతా విని, ఇంకో కుర్చీ లాక్కుని అన్న ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను," అన్నాడు. "పొలం భారం మేము ఎత్తుకుంటాం. కాపలా, నీళ్ళు, పొదుగు గది, అన్నీ. కానీ ఒక్క షరతు. ఇక ఒక్క హుబారా కూడా డేగ కిందికి పోకూడదు. సగం సగం అనేదే వద్దు, అన్నీ ఎడారికే. వేట మానేశానని నువ్వు ఈ కుర్రవాళ్ళ ముందు నీ నోటితో చెప్పాలి."

బాబా ఫింజాన్ కింద పెట్టాడు. చిన్నతనం నుంచీ ఆయనకు తెలిసిన ఒకే ఒక బతుకు అది. ఆయన పెదవులు కదిలాయి.

అప్పుడే రమీజా ఫోన్ మోగింది. జలంధర్. కట్ చేసింది. మళ్ళీ మోగింది. లేచి షామియానా అంచుకు పోయి ఎత్తింది.

"అక్కా, గేటు కాడికి లారీ వచ్చింది," అన్నాడు జలంధర్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "పంజరాలు దించుతున్రు. పిట్టలను పట్టుమంటున్రు. ఎవలు పంపిన్రంటె, పెద్దసాబ్ నిన్న పొద్దుమీకి ఫోన్ల మాటిచ్చిండంట."

"చిన్న సాబా?"

"కాదక్కా. పెద్దసాబే."

రమీజా వెనక్కి తిరిగింది. బాబా ఆమెనే చూస్తున్నాడు. ఏం విన్నదో అడగలేదు, అడగవలసిన పని లేదు. నిన్న మజ్లిస్ నుంచి కోపంతో పోయినవాడు, తమ్ముడిని అడగడం కన్నా అదే నయమనుకుని నేరుగా వ్యాపారికి ఊ కొట్టాడు. తెల్లారాక మనసు మారింది కానీ మాట మిగిలే ఉంది.

"ఇవాళ కాదు, రేపు రమ్మన్నాను," అన్నాడు బాబా, సగం తమ్ముడికి, సగం ఆమెకు వినబడేట్టు. "అంతలోపు దారి దొరుకుతుందనుకున్నాను. మా వంశంలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నవాడు లేడు."

ముబారక్ అన్న వంక చూశాడు, ఆమె వంక చూశాడు. సంగతి అర్థమై అతని ముఖం గట్టిపడింది. ఫోన్‌లో లారీ ఇంజను చప్పుడు, ఎవరో యల్లా యల్లా అని తొందరపెట్టడం వినిపిస్తున్నాయి. జలంధర్ ఇంకా లైన్‌లోనే ఉన్నాడు.

"అక్కా, ఏం చెయ్యమంటవు? గేటు తియ్యాల్నా?"

పదిహేనేళ్ళలో రమీజా ఆ ఇంటి మనుషులను అడగకుండా తలుపు తీసింది లేదు, వేసింది లేదు. ఈసారి కూడా ఒక్క క్షణం ఇద్దరు అన్నదమ్ముల వైపూ చూసింది. అటు నుంచి సైగ కూడా రాలేదు.

"తీయాకప్పా," అంది. "లోపలి నుంచి తాళమేసి నువ్వు ఆడనే నిలబడు."

"ఎవలు చెప్పిన్రని చెప్పాలె?"

బాబా తల ఎత్తాడు. ఆ చూపు తట్టుకుని ఆమె ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది.

"రమీజా చెప్పిందని చెప్పు."